కవర్లో కొరమేను పిల్లలు

పెర్సిస్ ఇంటర్ పాసైన రోజు నుంచి వాళ్ల నాన్న నిత్యానందానికి ఊపిరి సలపలేదు.

పొద్దున చెరువు దగ్గరికెళ్తే ఫోను. అన్నం ముందు కూర్చుంటే ఫోను. ఆదివారం చర్చిలో అందరూ కళ్లు మూసుకున్న వేళకు కూడా ఫోనే.

"సార్, అమ్మాయిని ఎక్కడ జాయిన్ చేస్తున్నారు సార్?"

అందరూ కాలేజీల ఏజెంట్లే. ఒకడు బ్యాగు ఇస్తానన్నాడు. ఒకడు ట్యాబ్ ఇస్తానన్నాడు. ఇంకొకడు తిన్నగా చెరువు గట్టు మీదికే వచ్చి కూర్చున్నాడు. ఆ పూట చేపలకు మేత వేయనిస్తే ఒట్టు.

చివరికి విసిగిపోయి, కూతురు అడిగిన చోటికే బండి తీశాడు. ఏలూరుకీ తాడేపల్లిగూడేనికీ మధ్య, హైవే పక్కనున్న ప్రైవేటు యూనివర్సిటీ అది.

"ఇన్ని కాలేజీలుండగా ఇదే ఎందుకమ్మా? ఆ అద్దాల మేడలు చూస్తేనే నాకు గుండె దడ," అన్నాడు దారిలో.

"మేడల కోసం కాదు నాన్నా, ఎలిజబెత్ మేడమ్ కోసం. చేపల జబ్బుల గురించి ఆవిడలా చెప్పేవాళ్లు లేరంట. కెజియా అక్క ఆవిడ దగ్గరే కదా చదివింది."

కెజియా అతని అన్న కూతురు. కిందటేడు చెరువులో చేపలు తేలిపోతుంటే, ఫొటోలు చూసి ఏం చేయాలో ఫోన్లోనే చెప్పి ఆ పంట నిలబెట్టింది ఆ పిల్లే. అందుకే నిత్యానందం సరేనన్నాడు.

యూనివర్సిటీ గేటు దగ్గర బండి ఆపాడో లేదో, నడివయసు ఆవిడొకరు ఎదురొచ్చారు.

నలిగిన నేత చీర. భుజాన బరువైన సంచి. చేతిలో గాలి నింపి, రబ్బరు బ్యాండుతో బిగించిన ప్లాస్టిక్ కవరు. అందులో నీళ్లు, నీళ్లలో చేప పిల్లలు.

"జాయినవ్వడానికొచ్చావా అమ్మా? ఏ గ్రూపు?"

నిత్యానందానికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఊళ్లో వాళ్లు చాలక ఇక్కడ కూడానా!

"బైపీసీ అండీ," అంది పెర్సిస్. దాని కళ్లు కవరు మీదే ఉన్నాయి. "కొరమేను పిల్లలు కదండీ ఇవి?"

ఆవిడ ముఖం వెలిగిపోయింది.

"భలే గుర్తుపట్టావే! చెరువుందా మీకు?"

"ఉందండీ. కొల్లేటి పక్కన లీజుకి..."

"పెర్సిస్! ఊరూ పేరూ చెప్పకు. రేపట్నుంచి ఈవిడా మొదలెడతారు ఫోన్లు."

ఆవిడ నొచ్చుకోలేదు. పైగా నవ్వారు.

"ఏవండీ, చెరువు లీజుకి తీసుకునే ముందు దిగి నీళ్లు చూస్తారు కదండీ? ఇక్కడా అంతేనండీ. ముందు ల్యాబ్ చూడండి, తర్వాత కట్టండి."

"మాకు తెలుసండీ."

"ఏలూరులో ఇంకో కాలేజీ ఉందండీ. చిన్నదే గానీ..."

ఆ మాటతో నిత్యానందానికి గుట్టంతా తెలిసిపోయినట్టయింది. వేరే కాలేజీ మనిషి! ఈ కాలేజీ గేటు ముందే వల పట్టుకుని కాపు కాస్తోంది. బ్యాగులయ్యాయి, ట్యాబులయ్యాయి, ఇక చేపలు పంచడం మొదలెట్టారన్నమాట.

"అమ్మా, మీకో దణ్ణం. మమ్మల్ని వదిలెయ్యండి."

"అది కాదండీ, నేను ఇక్కడే..."

"మీరు ఎక్కడైనా ఉండండి. మా దారికి మాత్రం అడ్డం రాకండి!"

గేటు దగ్గర సెక్యూరిటీ అతను కూడా తిరిగి చూశాడు. పెర్సిస్ సిగ్గుతో తల దించుకుంది.

ఆవిడ కవరుకి ఎండ తగలకుండా కొంగు చాటున పెట్టుకుని, ఏలూరు బస్సు ఆగే చోటికి నడిచారు.

లోపల ఏసీ హాలు చల్లగా ఉంది. కౌంటర్లో కుర్రాడు కుర్చీలు వేయించి, కూల్ డ్రింకులు తెప్పించాడు.

"ఒకసారి ల్యాబ్ చూడొచ్చా అండీ?" అంది పెర్సిస్.

"తప్పకుండా మేడమ్. ముందు సీటు బ్లాక్ చేసేసుకోండి. ఆక్వాలో ఒక్కటే మిగిలింది. కట్టాక రీఫండ్ మాత్రం ఉండదండీ."

"ఎలిజబెత్ మేడమ్ ఉన్నారు కదండీ?"

"అందరూ ఉన్నారు మేడమ్," అన్నాడు కంప్యూటర్ మీంచి కళ్లెత్తకుండా.

నిత్యానందం జేబులో ఫోను మళ్లీ మోగింది. కొత్త నంబరు.

"సార్, అమ్మాయిని ఎక్కడ..."

ఠక్కున కట్ చేశాడు.

"కట్టేస్తాను బాబూ. ఈ పీడ ఇవాళ్టితో వదిలిపోవాలి."

"నాన్నా, ల్యాబ్ చూశాక..."

"నువ్వు కూడా ఆవిడ పాటే పాడతావేంటే? రోట్లో తల పెట్టాక రోకటి పోటుకి వెరిస్తే ఎలా?"

కట్టేశాడు. రసీదు మడిచి జేబులో పెట్టుకుంటే నెల రోజుల బరువు దిగినట్టనిపించింది.

ల్యాబ్ మూడో అంతస్తులో ఉంది. అటెండర్ తాళం తీసి లైటు వేశాడు.

గోడ పొడుగునా గాజు తొట్లు. అన్నీ ఎండిపోయి, అడుగున తెల్లటి చార కట్టి ఉన్నాయి. కిటికీ పక్కనున్న ఒక్క తొట్టిలో మాత్రం ఇంకా తడి ఆరలేదు.

పెర్సిస్ ఆ తొట్టి దగ్గరే ఆగిపోయింది.

"ఇందులో చేపలేవండీ?"

"పొద్దుటి దాకా ఉన్నాయమ్మా," అన్నాడు అటెండర్. "ఎలిజబెత్ మేడమ్ ఇవాళ్టితో ఇక్కడ మానేశారు కదా, తను లేకపోతే వాటికి మేత వేసే దిక్కుండదని, ఆ కొరమేను పిల్లల్ని కవర్లో పోసుకుని ఇందాకే ఏలూరు వెళ్లిపోయారు."