పచ్చిక చూడ్డానికి వచ్చిన పెద్దాయన

అక్కడి నుంచి కాదు మనవరాలా. పాటలూ గుర్రాలూ తర్వాత. ముందు ఆ పెద్దాయన గడ్డిలో మోకాళ్ళ మీద కూర్చున్నాడని రాయి.

అవును, అలాగే కూర్చున్నాడు. ఉన్ని గుడారాల మధ్య, చేతులతో పచ్చికను పాయలు తీస్తూ, ముక్కు నేలకు ఆనేంత వంగి చూస్తున్నాడు. టీ గిన్నెలు కడుగుతున్న మీ పెద్దమ్మ బురుల్ చెయ్యి ఆగిపోయింది.

"వచ్చేశాడు," అంది మీ నాన్న కెమెల్‌తో. "మేత సంఘం మనిషి."

"ఆయనా? ఆ టోపీ చూడు వదినా, మా తాత పెళ్ళినాటిదిలా ఉంది."

"చెప్పకుండా వస్తామన్నారుగా! సూటు వేసుకుని దిగితే చెప్పినట్టే కదా."

ఆ మేత కొండ ఊరందరిదీ. ఎండాకాలంలో అక్కడ మనం చేసుకునే కళల పండక్కి ఏటేటా జనం పెరిగారు. నిరుడు అందరూ దిగిపోయాక చూస్తే కొండ నిండా ప్లాస్టిక్ గ్లాసులు, పూడ్చని పొయ్యి గుంటలు, గుడారాల కింద చచ్చిపోయిన గడ్డి. మేత సంఘం వాళ్ళు బురుల్‌ని పిలిచారు. ఈసారి మా మనిషి వచ్చి చూస్తాడు, మళ్ళీ ఇలాగే ఉంటే ఇక ఈ కొండ మీద పండగ లేదన్నారు. పండగ లేకపోతే బురుల్, ఆమెతో ఉన్ని తివాచీలు చేసే ఆడవాళ్ళు ఏడాదంతా చేసిన పని ఇంకెక్కడ పరుస్తారు?

అందుకే ఈసారి ఆమె ఎవరి మాటా వినలేదు. నిరటి మచ్చల మీద గుడారం వెయ్యనివ్వలేదు. జనరేటర్‌ను కొండ ఎక్కనివ్వలేదు. ఎవరి గిన్నె వాళ్ళు తెచ్చుకోమని అందరికీ కబురు పెట్టింది. దాంతో ఊరు భగ్గుమంది.

"అతిథిని పిలిచి గిన్నె తెచ్చుకోమంటామా కోడలా? రేపు మాంసం కూడా తెచ్చుకోమంటావు," అన్నాన్నేను.

"మీ మర్యాద గ్లాసుల్ని నిరుడు మన గొర్రె మింగింది మామయ్యా. పొట్ట కోసి తీశాం. మరిచిపోయారా?"

నేను వెళ్ళి నా గిన్నె వెతికి సంచిలో వేసుకున్నాను.

ఇక ఆ పెద్దాయన దగ్గరికి వద్దాం.

"వెళ్ళి అడిగేస్తే పోలా, నువ్వెవరని?" అన్నాడు కెమెల్.

"వచ్చిన అతిథిని ఏం పని మీద వచ్చావని అడుగుతావా? నిన్ను ఎవరు పెంచారయ్యా?" అంది బురుల్, నా వైపు చూస్తూ.

ఆయనంతట ఆయన చెప్పాలి. ఆయనేమో పేరు ఓరోజ్‌బాయ్ అనీ, కొచ్కోర్ నుంచి వచ్చాననీ, నిరుడు కూడా వచ్చాననీ చెప్పి ఊరుకున్నాడు. అదీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, గొణిగినట్టు.

"అయితే నిరటి చెత్తంతా చూసే ఉంటాడు," అంది బురుల్.

ఆయన కొండంతా తిరిగాడు. పూడ్చిన పొయ్యి గుంటల్ని కర్రతో పొడిచాడు. చివరికి చెత్త సంచుల దగ్గర నిలబడ్డాడు.

"నిరటి చెత్త ఏం చేశారమ్మాయ్?"

బురుల్ ఓ సంచి మూతి బిగించి కట్టింది. "బండికెత్తి కిందికి తోలేశామండీ. చాలావరకు."

ఆయన పెద్దగా నిట్టూర్చాడు. "నిరుడు ఆ నవ్వించే ఆయన ఆడింది ఎక్కడ?"

కొండ మొత్తం మీద గడ్డి మొలవనిది ఆ ఒక్కచోటే. నవ్వి నవ్వి, దొర్లి దొర్లి, జనం ఆ నేలను రాయిలా తొక్కేశారు. చూపించక తప్పలేదు. ఆయన అక్కడ చాలాసేపు వేళ్ళతో తడిమాడు. తల అడ్డంగా ఊపుతూ లేచాడు.

"గొర్రె తల ముందు పెడదాం వదినా," అన్నాడు కెమెల్. "దానికి కరగని మగాడు కొచ్కోర్‌లో పుట్టలేదు."

భోజనాలప్పుడు అందరికంటే పెద్ద అతిథికి పెట్టినట్టు తల ఆయన ముందు పెట్టాం. ఆయన దాని వైపు చూసిన చూపు ఇప్పటికీ నాకు గుర్తే. తర్వాత కత్తి తీసుకుని చెవి ఒకరికి, చెంప ఒకరికి కోసి పంచేశాడు. తను మాత్రం రొట్టె టీలో నానబెట్టుకు మింగాడు.

"లంచం అనుకున్నాడు! నీ తెలివి తగలెయ్య!" అని మరిదిని గిల్లింది బురుల్.

పండగ అయిపోయేదాకా ఆయన చూపు నేల మీదే. ఆయన్ని చూసి అందరి చూపూ నేల మీదే. పాట మధ్యలో కూడా జనం వంగి ఆప్రికాట్ గింజలు ఏరారు. వెళ్ళేటప్పుడు ఆయన నా చెయ్యి పట్టుకుని, "నాకు తల పెట్టారు, మరిచిపోను," అన్నాడు. అంతే.

మర్నాడు మోటారు సైకిల్ మీద ఒకమ్మాయి వచ్చింది, మేత సంఘం నుంచి.

"మీ మనిషి చూసి వెళ్ళాడుగా?" అంది బురుల్.

"సంఘం మనిషిని నేనేనక్కా. జ్వరమొచ్చి ఆగిపోయాను."

కెమెల్ అక్కడే కూలబడి నవ్వాడు. ఆ అమ్మాయి కొండంతా తిరిగి, "ఇక్కడ అసలు పండగ జరిగిందా?" అంది. గట్టిపడ్డ ఆ ఒక్క చోటు చూపించి, "దీన్ని తవ్వి గుల్లచేసి గడ్డి విత్తనం చల్లండి. వచ్చే ఏడు నన్నూ పిలవండి. నా గిన్నె నేనే తెచ్చుకుంటాను," అంది.

మరి ఆ పెద్దాయనెవరు? మందుమొక్కల వైద్యుడన్నాను నేను. పిచ్చోడన్నాడు కెమెల్. బురుల్ పార తీసుకుని ఆ నేల తవ్వడానికి వెళ్ళింది.

రేపు నువ్వు కొచ్కోర్ వెళ్తున్నావుగా మనవరాలా. ఓరోజ్‌బాయ్ ఇల్లు కనుక్కుని, ఆయన్ని కూర్చోబెట్టి దీన్ని నెమ్మదిగా చదివి వినిపించు. మేం అంత హడావిడి ఎందుకు చేశామో ఆయనకూ తెలియాలి కదా.

చదివాక, బురుల్ పారకు తగిలిన ఆయన కట్టుడు పళ్ళు చేతిలో పెట్టు.