మరిది ఏడుపు

వకీలు సుదర్శన్ అన్నదమ్ములిద్దరినీ వినియోగదారుల ఫోరం మెట్ల దగ్గర నిలబెట్టి, ఏడుపు గురించి క్లాసు పీకుతున్నాడు.

“చూడు నాగయ్యా. ఆపరేషన్ల పోయిన అలివేలమ్మ నీ భార్య. నువ్వేమో బస్సు కోసం కూసున్నోని లెక్క కూసుంటవు. ఎనక నీ తమ్ముడు ఎక్కెక్కి ఏడుస్తడు. జడ్జి మేడం ఏమనుకోవాలె?”

“నాకు ఏడుపు రాదు సార్,” అన్నాడు నాగయ్య.

“కనీసం తల దించుకో.”

నాగయ్య అక్కడికక్కడే దించుకున్నాడు. చెప్పిన పని చేసే మనిషి.

“ఇగ నువ్వు బాలకిష్ణా. మరిదివి, మరిది లెక్క ఉండు.”

బాలకృష్ణ తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ఉండాలనే చూస్తున్నాడు పాపం. కళ్లు మాట వినడం లేదు.

వీళ్లది కొత్తకోట దగ్గర పల్లె. గర్భసంచి ఆపరేషన్. అర్జెంటేమీ కాదు, వేరుశనగ పీకేశాక తీరిగ్గా చేయించుకోవచ్చని వనపర్తిలో నర్సింగ్ హోమ్ డాక్టరే అన్నాడు. ఆరోగ్యశ్రీ కింద రూపాయి ఖర్చు లేదు. అలా నడిచి వెళ్లిన మనిషి అంబులెన్సులో తిరిగొచ్చింది. మత్తు ఇవ్వగానే కడుపులో తిండి పైకి తన్నుకొచ్చి ఊపిరి ఆడకుండా చేసింది. కత్తి కూడా పట్టలేదు, ప్రాణం పోయింది.

“మీరేదో దాచిపెట్టి తెచ్చారు. గుండె జబ్బు ఉన్నట్టుంది,” అని తేల్చేశాడు డాక్టర్. ఊళ్లో సగం మంది ఆ మాటే నమ్మారు. బాలకృష్ణకు ఒళ్లు మండిపోయింది.

“పైసలు ఎవరికన్న రానీ సార్. తప్పు డాక్టర్‌దే అని మేడం నోట ఒక్కమాట రావాలె. నాకు గంతే,” అని కేసు వేసిన రోజే సుదర్శన్‌కు చెప్పాడు.

లోపల దవాఖాన తరఫు వకీలు ముందు నాగయ్యను పట్టుకున్నాడు.

“ఆ రోజు పొద్దున మీ భార్య ఏం తిన్నది?”

నాగయ్య తమ్ముడి వైపు చూశాడు.

“ఆయన్ని చూస్తారేం? భార్య మీదే కదా?”

“నేను చేనుకాడ ఉంటి సార్.”

“భార్యకు ఆపరేషన్ అయితే చేను దగ్గరా?”

“మోటరు కాలింది.”

సుదర్శన్ కళ్లు మూసుకున్నాడు. తర్వాత బాలకృష్ణ వంతు వచ్చింది.

“ఇడ్లీ తిన్నది సార్,” అన్నాడు అడగకముందే. “పొద్దుగాల్ల నుంచి ఉపాసమే ఉండె. మీది సాయంత్రానికి పడ్డది, జర తినుపో అని నర్సమ్మనే అన్నది. తిని చెయ్యి కడుక్కున్నదో లేదో లోపలికి పిల్సిన్రు. తిన్నది, తిన్నది అని నేను మొత్తుకున్న. ఎవరు ఇనలే.”

“తినిపించింది కూడా మీరేనా?”

“నేనే.”

వకీలు హాలంతా ఒకసారి కలయజూశాడు. “లోపలికి వెళ్లే ముందు ఆవిడ మీతో ఏమన్నది?”

బాలకృష్ణ తువ్వాలు కళ్లకు అద్దుకున్నాడు. “నాకు భయమైతుంది. చాయ్ తాగనీకె గూడ పోకు, ఈడనే ఉండు అన్నది.”

“మొగుణ్ణి రమ్మనకుండా, మరిదిని ఉండమన్నదా?”

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. నోటిదాకా వచ్చిన మాటను బాలకృష్ణ మింగేశాడు. అది బయటపడితే కేసు అక్కడికక్కడే కూలిపోతుంది. డాక్టర్ మీసం మెలేసుకుంటూ ఇంటికి పోతాడు.

“వదిన నాకు అమ్మ లెక్క సార్,” అన్నాడు. అందులో అబద్ధం లేదు.

బయటికి రాగానే సుదర్శన్ బాలకృష్ణను పక్కకు లాగాడు. “నా దగ్గర దాచకు. నీకూ మీ వదినకూ మధ్యల ఏమన్న ఉండెనా?”

జవాబు నాగయ్య ఇచ్చాడు. “నా తమ్మున్ని గట్లనకు సార్. మంచిగుండదు.” ఇన్ని వాయిదాల్లో ఆయనకు కోపం రావడం అదే మొదలు. ఆ వెంటనే గుర్తొచ్చి తల దించుకున్నాడు.

చివరికి ఆ ఇడ్లీయే కేసును నిలబెట్టింది. ఎదుటి వకీలు తానే అడిగి మరీ చెప్పించాడు కదా. నర్సును పిలిపిస్తే ఆమె, తినమన్న మాట నిజమేనని ఒప్పుకుంది. తీర్పు రోజు మేడం గట్టిగానే చదివింది.

“అలివేలమ్మ మృతికి నర్సింగ్ హోమ్ నిర్లక్ష్యమే కారణం. పరిహారం ఆమె భర్త నాగయ్యకు చెల్లించాలి.”

కోరుకున్న మాట వచ్చింది. మనసు చల్లబడుతుందనుకున్నాడు బాలకృష్ణ. చల్లబడలేదు. బయటికొచ్చి గోడకు ఆనుకుని, ఇన్నాళ్లూ ఏడ్చినదానికంటే ఎక్కువ ఏడ్చాడు.

“గెలిచినంక గూడ ఏడుపేందయ్యా?” అని విసుక్కుని సుదర్శన్ ఇంకో కేసుకు వెళ్లిపోయాడు.

బస్సులో నాగయ్య తమ్ముడికి కిటికీ పక్క సీటు ఇచ్చాడు. “పైసలు రాంగనే తెచ్చి నీ చేతిల పెడ్త,” అన్నాడు. కొత్తకోటలో దిగి ఆటో పట్టుకుని, పొద్దుగూకే వేళకు ఇల్లు చేరారు. నాగయ్య చెప్పులు విప్పి తలుపు తట్టాడు.

తన పేరుతో, తన ఆరోగ్యశ్రీ కార్డు మీద తోడికోడలు మంజులను ఆపరేషన్‌కు పంపిన అలివేలమ్మ తలుపు తీసి, “నీ పెండ్లాం పేరు ఒక్కసారన్న తీసిన్రా, బాలకిష్ణా?” అని అడిగింది.