నవ్వుకుంట చెప్పాలె

"లోపలికి పోయినంక ఏడ్వకు. ఏడ్చినవంటే నీ నౌకరీ పోయినట్టే!" చెవిలో గొణిగింది పక్క సీటు సాయిసుధ.

మూసి ఉన్న తలుపునే చూస్తూ సుచిత్ర తలూపింది. ఆ తలుపు వెనకాల పులేం లేదు. విశ్వేశ్వర్ అనే యాభై ఏళ్ల పెద్దమనిషి ఉన్నాడు. వెల్‌నెస్ కోచ్ అట. ఉద్యోగులు పని ఒత్తిడికి కుంగిపోకుండా చూసేందుకు కంపెనీ ఆయన్ని హైదరాబాద్ నుంచి పిలిపిస్తోంది. నెలకోసారి వస్తాడు, ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి "ఎట్లున్నరు?" అని అడుగుతాడు. అంతే! అంతమాత్రానికే సిద్దిపేట ఆఫీసు మొత్తం గజగజ వణుకుతోంది.

వణకదా మరి! పోయిన నెల రాకేశ్ ఆ గదిలోకి వెళ్లి అరగంట కూర్చున్నాడు. తెల్లారి డ్యూటీకి రాలేదు. ఫోన్ స్విచ్ఛాఫ్. వాళ్లది కోహెడ. అమ్మానాన్నలు బతుకుదెరువుకు మహారాష్ట్రలోని భీవండీలో ఉంటారు, ఇతను సిద్దిపేటలో రూము కిరాయికి తీసుకుని ఒక్కడే ఉండేవాడు. వెళ్లి చూస్తే రూముకు తాళం. వారం తిరక్కుండా అతని సీట్లో కొత్త పిల్ల కూర్చుంది. మేనేజర్ శైలేందర్‌ని అడిగితే "మీ పని మీరు చూసుకోండ్రి" అని కసిరాడు.

ఇంకేముంది, అందరూ కలిసి తేల్చేశారు. రాకేశ్ మనసులో ఉన్నదంతా కక్కేశాడు, కోచ్ దాన్ని మేనేజర్ చెవిన వేశాడు, ఉద్యోగం ఊడింది.

"వాడు ఉత్త అమాయకుడే. మంచిగ అడిగితే కడుపులున్నదంత చెప్పేస్తడు," అంది సాయిసుధ. "నువ్వు మాత్రం ఫోన్ల మాట్లాడినట్టే మాట్లాడు. నవ్వుకుంట చెప్పాలె, మర్చిపోకు."

ఆ నవ్వు వాళ్లకు ఆఫీసు నేర్పిన విద్యే. ఆన్‌లైన్‌లో కొన్న సరుకు చేరలేదని తిట్టేవాళ్ల ఫోన్లు ఎత్తడం ఇక్కడి పని. ప్రతి టేబుల్ మీదా ఓ చిన్న అద్దం ఉంటుంది. అవతలివాడు ఎన్ని బూతులు తిట్టినా అద్దంలో చూసుకుంటూ నవ్వుతూనే జవాబు చెప్పాలి. నవ్వితే గొంతులో తెలుస్తుందట. మూడేళ్లలో సుచిత్ర ఆ విద్యలో ఎంత ముదిరిందంటే, ఇంట్లో చెంచా కిందపడ్డా "క్షమించండి సార్" అంటుంది.

కానీ ఒళ్లు ఆమె మాట వినడం ఎప్పుడో మానేసింది. నిద్ర రాదు. వచ్చినా చెవుల్లో ఫోన్ మోగుతూనే ఉంటుంది. మొన్న పొద్దున తన ఊరు చింతమడక నుంచి స్కూటీ మీద వస్తుంటే కళ్లు మూతలు పడ్డాయి. తెరిచేసరికి బండి రోడ్డు దిగి వరి మడిలో ఉంది. మోకాలికి దెబ్బ తగిలితే, ఇంట్లో జారిపడ్డానని ఆఫీసులో అందరికీ చెప్పింది. అది తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. అయినా ఎవరితో చెప్పుకుంటుంది? నడుం పట్టేసి బాపు పొలంలో ఎవుసం వదిలేశాడు. ఈ నౌకరీ పోతే ఇంట్లో పొయ్యి వెలగదు.

తలుపు తెరుచుకుంది. "రా బిడ్డా, కూసో."

విశ్వేశ్వర్ కళ్లు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. ఈయనకే నిద్ర లేనట్టుంది, మాకేం చెప్తాడు అనుకుంటూ కూర్చుంది సుచిత్ర.

"నిద్ర పడుతుందా?"

"మస్తు పడుతది సార్. పండుకుంటే తెల్లారుడే."

"తలనొప్పి? గుండెదడ?"

"అసల్లేవు సార్."

"పని ఎక్కువైతుందని ఎప్పుడన్న అనిపిస్తుందా?"

"అయ్యో, ఇంకో షిఫ్ట్ ఇచ్చినా చేస్త సార్!" పళ్లన్నీ కనబడేలా నవ్వింది.

ఆయన ఆ నవ్వునే చూస్తున్నాడు. "కుంటుతున్నవు. మోకాలుకేమైంది?"

ఆమె పైప్రాణాలు పైనే పోయాయి. "ఇంట్ల జారిపడ్డ సార్."

"ఏమున్నా చెప్పు బిడ్డా. నీ మాట ఈ గది దాటదు. మేనేజర్‌కు గూడ చెప్ప."

అమ్మో, ఎంత తియ్యగా మాట్లాడుతున్నాడు! పాపం రాకేశ్ ఇక్కడే పడిపోయి ఉంటాడు. ఆ ఆలోచన రాగానే భయంలోంచి కోపం తన్నుకొచ్చింది, నోరు జారింది.

"రాకేశ్‌కు గూడ గిట్లనే చెప్పిన్రా సార్?"

విశ్వేశ్వర్ కళ్లద్దాలు తీసి టేబుల్ మీద పెట్టాడు. "రాకేశ్ ఏడున్నడో మీకెవ్వరు చెప్పలేదా?"

"నౌకరీలకెల్లి తీసేసిన్రు గద."

"ఎవ్వరు తియ్యలే. ఆ రోజు ఈడికెల్లి సొంతూరికని కోహెడకు పోతుంటే బండి మీదనే కండ్లు మూతబడ్డయి. పోయి లారీకి గుద్దుకున్నడు. హైదరాబాద్ దవాఖానల ఉన్నడు, ఇంక తెలివికి రాలే. మీకు తెలిస్తే బెదురుతరని కంపెనీ దాచిపెట్టినట్టుంది. రాత్రంత వాళ్ల అమ్మానాయిన తోటి ఆడనే ఉండి వస్తున్న."

సుచిత్ర కాళ్లకు మడి బురద మళ్లీ చల్లగా తగిలినట్టయింది. ఆమె టేబుల్ అంచును రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

"మరి మీరేం జేసిన్రు సార్?" లేచి నిలబడింది. "నిద్రలేదని, తనతోని అయితలేదని అంత చెప్పుకున్నడు గద మీకు! అంత విని గూడ ఒక్కరోజు సెలవిప్పియ్యకపోతిరి?"

విశ్వేశ్వర్ కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుని ఆమె మొహంలోకి చూశాడు.

"వాడు నాకేం చెప్పలే బిడ్డా, నీ లెక్కనే నవ్విండు."