అనవసరంగా రెండు ముక్కలు

"మందుల చీటీలో ఒక్క గడి పెంచడానికి ఇద్దరు మనుషులు, మూసిన తలుపు, పొద్దుణ్ణుంచి మధ్యాహ్నం దాకానా! నేనేమన్నా చెవిలో పూలు పెట్టుకొచ్చానా?"

విదాద్ కేకకి అమ్మాన్ నగరంలోని ఆ చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు గప్‌చుప్ అయిపోయింది. ఆఫీసుకి ఆవిడే పెద్ద. ఆసుపత్రి వాళ్ళ ప్రోగ్రామ్ గురువారానికి అందకపోతే కాంట్రాక్టు గోవిందా! ఆలస్యమంతా రుబా, మున్జిర్‌ల దగ్గరే. ఒక్క ప్రోగ్రామ్‌ని రెండు మాడ్యూళ్ళుగా చీల్చి చెరొకటి పట్టుకు కూర్చున్నారు. ఒకదాన్లో చిటికెడు మార్చినా రెండోదాన్నీ మార్చాల్సిందే.

"ఇవి విడివిడిగా ఎప్పుడైనా మారాయా? లేదే! మరి దేనికి చీల్చినట్టు?"

"ముందు ముందు పనికొస్తుందని, మేడమ్," అంది రుబా.

"ఉస్తాద్, మీరు చెప్పండి."

"రుబా చెప్పిందే," అన్నాడు మున్జిర్, ఆవిడ వైపు చూడనైనా చూడకుండా.

పని నేర్పిన గురువు శిష్యురాలికి వంత పాడుతున్నాడు! విదాద్‌కి ఒళ్ళు మండింది. కలిసే వస్తారు, కలిసే పోతారు. అవతలి కంపెనీ వాళ్ళు మేత వేస్తున్నారేమో!

టీ వంకతో వెళ్ళి ఆ గది తలుపుకి చెవి ఆనించింది. లోపల రుబా కోడ్‌ని వరసగా పైకి చదువుతోంది. అమ్మ దొంగా! ఫోన్లో ఎవరికో అప్పజెబుతోందన్నమాట.

ఇంకేముంది, సాయంత్రానికల్లా రెండు ముక్కల్నీ విదాదే ఒకటి చేసి పారేసింది. ఒకదానికొకటి కబుర్లు అందించడానికి రాసిన చెత్తంతా ఎగిరిపోయింది. ప్రోగ్రామ్ నిక్షేపంగా నడిచింది.

మర్నాడు రుబాని పిలిచింది. "ఇక దీనికి ఒక్కరు చాలు. నువ్వుండు. ఆయన్ని ఇంటికి పంపేస్తున్నా."

రుబా గభాలున ఆవిడ చేతులు పట్టేసుకుంది. "వద్దు మేడమ్! మీ చేతులు ముద్దు పెట్టుకుంటాను, మళ్ళీ చీల్చెయ్యండి. ఆయనకంటూ ఒక వాటా ఉండాలని నేనే చీల్చాను."

"వాటాలెయ్యడానికి ఇదేమన్నా మీ తాత ఆలివ్ తోటా? అసలు నిన్న గదిలో కోడ్ ఎవరికి చదివి వినిపించావ్? నిజం చెప్పు!"

"ఉస్తాద్‌కే."

"బాగుంది నాటకం! ఎదురుగా అంత తెర పెట్టుకుని నీచేత చదివించుకోవడమేంటి? కళ్ళేమన్నా పోయాయా ఆయనకి?"

"పోయాయి, మేడమ్."