పాల మిషనుకు కాపలా

మా పాలకేంద్రం మిషను తెర మీద అప్పుడప్పుడు అక్షరాలు అడ్డదిడ్డంగా పడుతున్నాయట. అట్లా పడగానే ఎవరో ఒకరు దాన్ని ఆపి మళ్ళీ వేస్తారు, బాగుపడుతుంది. దాన్ని తయారుచేసిన హిమజ వచ్చేసరికి తప్పు కనపడదు.

“ఇయ్యాల దొరక్కపోతే నా ఉద్యోగం ఊడుద్ది తాతయ్యా. వినుకొండ పోయొస్తా. తేడా వస్తే ఫోన్ చెయ్యండి,” అంది.

“నేనుండగా తేడా ఏందమ్మా?” అని తెర ముందే కూర్చున్నాను. కన్ను పక్కకు తిప్పలేదు.

సాయంత్రం వచ్చి అడిగింది. “ఏమన్నా తేడా వచ్చిందా?”

“నా ముందా? దానికంత దమ్ముందా?”

ఆమె తెర చూసి కేకేసింది. “దొరికింది! అక్షరాలన్నీ తలకిందులుగా ఉన్నయ్యి తాతయ్యా! ఆపకుండా ఉంచింది మీరొక్కరే!”

“అదే మరి. ఈ చదువుకున్నోళ్ళకి ఓపికెక్కడ ఏడ్చింది?” అన్నాను.