ఏడో ఫ్లాస్కు

ప్లేటు మూత తీయడానికి ఆమెకు చేతులు రాలేదు. లెక్కల సారే తీశాడు.

పాలమీగడ పరిచినట్టు ప్లేటంతా పెరిగిపోయింది సూక్ష్మజీవి. దాని మీద అక్కడక్కడా మందులో తడిపిన కాగితపు చుక్కలు. ఏ మందుకు అది చస్తే, ఆ చుక్క చుట్టూ ఖాళీ వలయం రావాలి. మొన్న వాడుక మందులన్నీ పెట్టి చూశారు. ఒక్క వలయం లేదు. దాంతో నిన్న బీరువా అంతా ఊడ్చి, ఉన్న మందులన్నీ పెట్టించాడు ఆయన.

ఆ ల్యాబులో ఏళ్ళ తరబడి సాగుతున్న పని ఒకటే. ఫ్లాస్కుల్లో సూక్ష్మజీవుల్ని పెంచడం, రోజూ పాతదాంట్లోంచి ఓ చుక్క తీసి కొత్తదాంట్లో వెయ్యడం, తరాలు గడిచేకొద్దీ అవి ఎలా మారుతున్నాయో చూడడం. చుక్క వేసేది ఆమె. ఏ మార్పు ఎప్పుడొస్తుందో కంప్యూటర్లో ముందే లెక్కగట్టేది ఆయన. అందుకే అందరికీ ఆయన లెక్కల సార్.

"ఏడో ఫ్లాస్కు ఇంత పని చేస్తుందని నా మోడల్ కలలో కూడా చెప్పలేదమ్మాయ్. ఇంకో పదేళ్ళు పట్టాలి దీనికి. నీ చెయ్యేమైనా తేడా పడిందా? బయటిదేదైనా కలిస్తే మాత్రం ఇన్నేళ్ళ కష్టం నీళ్ళపాలు. నీ ఉద్యోగం కూడా."

"లేదు సార్."



ఆమె కూతురు ఆసుపత్రిలో ఉంది. ఎనిమిది నెలల పసిది. తొడ మీద చిన్న కురుపుగా మొదలై ఒళ్ళంతా కాలిపోయే జ్వరమైంది. డాక్టర్లు మందు మీద మందు మారుస్తున్నారు. ఏ మందు పనిచేస్తుందో తేల్చే రిపోర్టు అడిగితే రేపూ మాపూ అంటున్నారు. పాప దగ్గర అత్తగారు కూర్చుంది. పొద్దున ఈమె బయలుదేరుతుంటే ఆవిడ ఊరుకోలేదు.

"వెళ్ళు తల్లీ, వెళ్ళు. కన్నబిడ్డకన్నా ఆ సీసాల్లో పురుగులే ముద్దు నీకు. వాటినేగా తెచ్చి దీనికి అంటించావు."

రెండు మూడు రోజులుగా సబ్బుతో రుద్ది రుద్ది ఆమె అరచేతులు పొక్కిపోయాయి. పాపను ముట్టుకోవాలన్నా భయమే, ఫ్లాస్కును ముట్టుకోవాలన్నా భయమే.

లెక్కల సార్ భూతద్దంతో ఒక్కో చుక్కనూ దాటుకుంటూ పోతున్నాడు. ఇదీ పనిచెయ్యలేదు, అదీ పనిచెయ్యలేదు అని గొణుక్కుంటున్నాడు. చుక్క దాటినప్పుడల్లా ఆయన మొహం విప్పారుతోంది. ఆమె ఇంకా ఎన్ని మిగిలాయో లెక్కపెట్టుకుంటోంది.

ఆఖరి చుక్క దగ్గర ఆగాడు. ఆమె బల్ల అంచు పట్టుకుంది. ప్లేటును కిటికీ వైపు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఊహూఁ. వలయమేమో అనుకున్నా. నీడ."

ఇంకేముంది, ఫోన్ల మీద ఫోన్లు. పక్క గదుల వాళ్ళు వచ్చి ఆమె భుజం తట్టారు. అంతా నీ చేతి చలవే అన్నారు.

"సార్," అంది ఆమె మెల్లిగా. "ఇంకే మందూ లేదా?"

"లేకపోవడమే కదమ్మాయ్ మన అదృష్టం."

ఆయన పదిలంగా మూత పెట్టి ప్లేటును ఆమె చేతికిచ్చాడు.

దాని మీద పెరిగింది ఏడో ఫ్లాస్కులోది కాదు, ఆసుపత్రిలో పాప కురుపుకు కట్టు మారుస్తున్నప్పుడు ఎవరూ చూడకుండా ఆమె దూదిపుల్లతో తుడిచి తెచ్చి, ఏడో ఫ్లాస్కు పేరుతో పెట్టుకున్నది.