చెరి పన్నెండు మాటలు

“అటు తిరుగు” అంది ఆమె.

అతను బుద్ధిగా గోడవైపు తిరిగాడు. ముక్కుకు జానెడు దూరంలో దగ్గుమందు అట్టపెట్టెలు. వాటి మీద ఉన్నదంతా చదివేశాడు. వెనక పెన్ను ఇంకా నడుస్తూనే ఉంది.

“అయిందా?”

“ఐదో మాట. తొందరపెట్టకు.”

ఆమె మందుల షాపు వెనకగది అది. మధ్యాహ్నం కావడంతో షట్టరు సగం దించి ఉంది. మాత్రల డబ్బాలు పక్కకు నెట్టిన బల్ల మీద అగ్గిపెట్టెంత పరికరం ఒకటి ల్యాప్‌టాప్‌కి తగిలించి ఉంది. క్రిప్టో కాయిన్లకు తాళం లాంటిదది. దాని బుల్లి తెర మీద ఇరవై నాలుగు ఇంగ్లిష్ మాటలు ఒక్కొక్కటే వస్తాయి. కాగితం మీద రాసుకోవాలి. ఫొటో తీయకూడదు, ఎవరికీ చెప్పకూడదు. పరికరం పోయినా ఆ మాటలు వరసగా కొడితే కాయిన్లు దక్కుతాయి. మాటలు పోతే ఇక అంతే సంగతులు.

పెళ్లయిన కొత్తలో డైనింగ్ టేబుల్ కోసం దాచిన డబ్బుతో సరదాకి కొన్న కాయిన్లవి. టేబుల్ రానేలేదు. ఏళ్లతరబడి నేల మీదే కూర్చుని తిన్నారు. ఇప్పుడు అవి అమ్మితే టేబులూ వస్తుంది, దాని చుట్టూ ఇల్లూ వస్తుంది.

ఇన్నాళ్లూ అవి ఓ పాత ఫోన్లో ఉండేవి. ఆ ఫోన్ని అతను ఒకసారి పాత సామాన్లవాడికి వేసేయబోయాడు. ఆమె మాత్రం తక్కువ తిందా? దాని పాస్‌వర్డు చెల్లెలికి వీధంతా వినబడేలా చెప్పింది. అందుకే ఈ ఏర్పాటు. మొదటి పన్నెండు మాటలు ఆమె దగ్గర, తర్వాతి పన్నెండు అతని దగ్గర. ఎనిమిదంకెల పిన్‌లోనూ చెరి నాలుగు.

“నా వంతు. నువ్వు తిరుగు” అన్నాడతను.

ఆమె ఫ్రిజ్‌వైపు తిరిగింది. అతను గబగబా గీకేశాడు. పిన్‌లో చెరి నాలుగంకెలూ పెట్టాక, పాత ఫోన్లోంచి కాయిన్లు కొత్త తాళం కిందికి వచ్చిపడ్డాయి. ఇద్దరూ ఊపిరి పీల్చుకున్నారు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ అతను లిఫ్టు మెకానిక్. బాగుచేసిన లిఫ్టును ఓసారి ఎక్కి దిగందే వదిలిపెట్టే రకం కాదు.

“ఒక్కసారి మూసి తెరుద్దాం.”

అతను తన నాలుగంకెలు కొట్టాడు. ఆమె తనవి కొట్టింది. తప్పు.

“నీవే తప్పు కొట్టుంటావ్.”

“నేనా? రోజుకు రెండొందల చీటీలు చూసేదాన్ని!”

మళ్లీ కొట్టారు. తప్పు. మూడోసారి అతను కళ్లు మూసుకుని కొట్టాడు. తెర నల్లబడింది. తర్వాత, కొత్తగా కొన్నదానిలా, ఏమీ ఎరగనట్టు ‘స్వాగతం’ అంది.

“ఏమైంది?”

“మూడుసార్లు తప్పయితే మొత్తం చెరిపేసుకుంటుంది” అన్నాడు నీరసంగా. “నేను పాత బండి నంబరు పెట్టి, కొత్త బండిది కొట్టాను.”

ఆమె తిట్టలేదు. అది చూసి అతనికి ఇంకా భయమేసింది.

“కాగితాలు తియ్” అంది.

ఆమె పన్నెండూ కొట్టింది. అతను తన పన్నెండూ కొట్టాడు. ‘మాటలు సరిపోలేదు’ అంది పరికరం. ఏ మాటో మాత్రం చెప్పలేదు. మళ్లీ కొట్టారు. మళ్లీ అదే జవాబు. అతని చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఇల్లూ, టేబులూ కళ్లముందే ఆవిరైపోతున్నాయి.

“నీది ఇలా ఇవ్వు.”

“చూడకూడదని రూలు కదా.”

“నీ రాత నీకే అర్థం కాదు. ఇవ్వు.”

ఇచ్చాడు. డాక్టర్ల రాతలు చదివే కళ్లతో ఆమె కాగితం మీద వేలు జరుపుకుంటూ పోయింది. వేలు ఒకచోట ఆగింది.

“ఇదేమని కొట్టావ్?”

“విన్నర్.”

“నీ ముఖం. ఇది వింటర్. టీ అక్షరానికి అడ్డగీత నువ్వెప్పుడు పెట్టావ్ గనక! పదకొండేళ్లుగా చూస్తున్నా.”

వింటర్ అని కొట్టారు. తెర ఒక్క క్షణం ఆలోచించుకుంది. కాయిన్లన్నీ పొల్లుపోకుండా కనబడ్డాయి. ఆమె బల్ల మీద చెయ్యి చరిచి నవ్వింది. డబ్బా ఒకటి కిందపడి మాత్రలు గదంతా గోలీల్లా దొర్లాయి. ఇద్దరూ మోకాళ్ల మీద పాకుతూ ఏరారు.

“నా మాటలన్నీ చూసేశావు. కొత్తవి పెట్టుకుందామా?” అన్నాడు బల్ల కిందినుంచి.

“చూశాను. అప్పుడే మర్చిపోయాను.”

నమ్మాడు. ఎందుకు నమ్మాడో అతనికే తెలియదు.

ఆమె తన కాగితం మడిచి హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకుంది. అతను తనది చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు.

“అప్పుడప్పుడూ ఇద్దరం కూర్చుని తెరిచి చూసుకోవాలి. ఆర్నెల్లకోసారి చాలా?” అన్నాడు.

“ఆర్నెల్లా? బ్యాటరీ పాడైపోదూ? నెలకోసారి చూడాలి.”

దాంట్లో అసలు బ్యాటరీయే ఉండదు. కొనే ముందు మూడుసార్లు చదివాడు.

“అవునవును, బ్యాటరీ. పదిహేను రోజులకోసారైతే ఇంకా మంచిది” అన్నాడు.

ఆమె ఆదివారాల లెక్క చూడ్డానికి గోడమీది క్యాలెండర్ దగ్గరికి వెళ్లింది.

ఆ ఉదయం విడాకులు మంజూరు చేస్తూ జడ్జిగారు, “ఆ కాయిన్లు ఈ పూటే చెరిసగం పంచేసుకోండి, ఇక జన్మలో ఒకరి ముఖం ఒకరు చూడక్కర్లేదు” అని నెత్తీనోరూ బాదుకున్నా ఇద్దరూ చెవిన పెట్టలేదు.